ఒక యేటి చలనచిత్రములలో ముఖ్యమైనవానిని ఎంచుట ఎట్లు?

ఈ సంవత్సరము మన పాఠశాల సాహిత్య సంఘపు సమావేశమునందు ఒకనాడు ఒక ప్రశ్న చర్చకు వచ్చినది. ఒకానొక సంవత్సరమున వెలువడిన చలనచిత్రములలో మిక్కిలి ముఖ్యమైనవి యేవి, వానిని నిర్ణయించుట ఎట్లు అనునదియే ఆ ప్రశ్న. పై తరగతుల విద్యార్థులు తలకొక పట్టికను వ్రాసి తెచ్చిరి. ఆ పట్టికలలో ఏ రెండును సరిపోలలేదు. వాదము పెరిగినది, గొంతులు హెచ్చినవి, గంట కొట్టువరకు తీర్పు తేలలేదు. తుదకు ఒక బాలుడు లేచి, ఎవరికి నచ్చినది వారికి గొప్ప గదా, ఇందులో తీర్పేమున్నది అని అడిగి కూర్చుండెను. సభ నవ్వినది గాని, ఆ మాటకు ఎవరును సమాధానము చెప్పలేదు. సభ ముగిసిన తరువాతను ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. ఆనాడు చెప్పలేకపోయిన సమాధానమును ఈ వార్షిక సంచికయందు చెప్పుటకు యత్నించుచున్నాము.

తల్లిదండ్రులలో కొందరు, పాఠశాల పత్రికకు చలనచిత్రముల ముచ్చట యేల యని సందేహింపవచ్చును. ఒకప్పుడు క్రైస్తవ గృహములలో సినిమాకు పోవుటయే దోషముగా నెంచబడినమాట నిజమే. మా పెద్దలును అట్లే యెంచిరి. వారి భయము కేవలము నిరాధారమని మేము చెప్పము. కాని నేడు బాలుడు సినిమాకు పోనక్కరలేదు. సినిమాయే ఇంటికి వచ్చి, చేతిలోని ఫోనునందు కూర్చున్నది. తలుపు మూయుట సాధ్యము గానప్పుడు జల్లెడ పట్టుట నేర్పవలెను. మన అమ్మమ్మలు బియ్యమును చేటలో పోసి చెరుగునప్పుడు పొట్టు ఎగిరిపోయి గింజ నిలుచును. అట్టి చేట ఒకటి మన పిల్లల మనస్సునందు ఉండవలెననియే మా కోరిక.

చెప్పబోవు విషయము గాలిలో తేలిపోకుండుటకై ఒక సంవత్సరమును ఉదాహరణముగా గైకొందము. అది 1939. ఆ యేటి సెప్టెంబరు 1వ తేదీన ఐరోపా ఖండమున రెండవ ప్రపంచ యుద్ధము మొదలైనది. అదే యేట చలనచిత్ర కళ అమెరికాలోను, ఫ్రాన్సులోను, జపానులోను, మన తెలుగునాటను ఒక్కమారుగా వికసించినది. కావున ఎంపిక నేర్చుకొనుటకు ఇంతకంటె తగిన సంవత్సరము దొరకుట యరుదు.

మొదటి మెట్టు: ప్రశ్నను విడదీయుట

మన బాలుర వాదము ఏల తెగలేదు? మూడు వేరు వేరు ప్రశ్నలను వారు ఒకే ప్రశ్నగా భావించుటచేత. 'నాకు ఏది ఇష్టము?' అనునది మొదటిది. 'ఎక్కువమంది ఏది చూచిరి?' అనునది రెండవది. 'ఏది ముఖ్యము?' అనునది మూడవది. మొదటి ప్రశ్నకు ఎవరి సమాధానము వారిదే. దానిపై వాదము వ్యర్థము. రెండవది లెక్కలకు సంబంధించినది. టిక్కెట్ల లెక్క చూచిన తీరిపోవును. మూడవదానికి మాత్రము కారణములు చెప్పవలెను. ఆ కారణములను ఎదుటివారు పరీక్షింపవచ్చును, ఖండింపవచ్చును, అంగీకరింపవచ్చును. కనుక ఆ బాలునికి మా మొదటి సమాధానమిది: నచ్చుటకు కారణ మక్కరలేదు గాని ముఖ్యమని చెప్పుటకు కారణము కావలెను. కారణము ఉన్నచోట తీర్పునకును తావున్నది.

మా సంగతియే చెప్పెదము. 1939లో వెలువడిన చిత్రములలో 'గుడ్‌బై మిస్టర్ చిప్స్' అనునది ఉపాధ్యాయులమగు మాకు ప్రాణప్రదమైనది. జేమ్స్ హిల్టన్ రచించిన చిన్న నవలనుండి దానిని తీసిరి. ఒక పిరికి యువకుడు ఉపాధ్యాయుడుగా చేరి, భార్యను ప్రసవమునందు కోల్పోయి, తన పిల్లలు లేకున్నను తరతరముల బాలురకు తండ్రియై, మొదటి ప్రపంచ యుద్ధమున మడిసిన పూర్వ విద్యార్థుల పేర్లను ప్రార్థనామందిరములో చదువును. ఆ పేర్లతోబాటు, శత్రుపక్షమున పోరాడి మరణించిన తన పాత జర్మను సహోపాధ్యాయుని పేరును గూడ చదువును. ఆ ఘట్టమున మాకు కన్నులు చెమర్చును. ఆ పాత్ర ధరించిన రాబర్ట్ డోనట్‌నకు ఆ యేటి ఉత్తమ నటుడను ఆస్కారు బహుమానము లభించినది. అయినను, పది చిత్రముల పట్టిక వ్రాయుమన్నయెడల మేము దీనిని చేర్చము. ఏలయన ఇది మా ఇష్టము. దీనివలన చలనచిత్ర కళ క్రొత్త త్రోవ పట్టెనని గాని, లోకము ఒక క్రొత్త సత్యమును చూచెనని గాని మేము రుజువు చేయజాలము. ఇష్టమును ప్రక్కన పెట్టగలుగుటయే ఎంపికలో మొదటి పాఠము.

రెండవ మెట్టు: సంవత్సరమును నిర్ణయించుట

'ఒక సంవత్సరపు చిత్రములు' అనుట సులభము. చిత్రము ఏ సంవత్సరమునకు చెందునో చెప్పుట అంత సులభము కాదు. తీసిన సంవత్సరమా, సెన్సారువారు అనుమతించిన సంవత్సరమా, జనులు చూచిన సంవత్సరమా? 'కాసాబ్లాంకా' యను ప్రసిద్ధ చిత్రము న్యూయార్కులో 1942 నవంబరునందు తొలుత ప్రదర్శింపబడినది. దేశమంతట 1943 జనవరిలో విడుదలైనది. బహుమానములు 1943 చిత్రములతో జోడించి యిచ్చిరి. ఒకరు దానిని 1942 పట్టికలోను, మరియొకరు 1943 పట్టికలోను చేర్చుట యిందుచేతనే.

మన తెలుగుననే ఇట్టి చిక్కు గలదు. హెచ్.ఎం. రెడ్డిగారు తీసిన 'భక్త ప్రహ్లాద' మొదటి తెలుగు టాకీ యని మనకందరకును తెలియును. అది 1931 సెప్టెంబరులో విడుదలయ్యెనని బహుకాలము గ్రంథములలో వ్రాయబడినది. తరువాత పరిశోధకులు నాటి పత్రికలను, సెన్సారు వివరములను శోధించి, అది 1932 జనవరిలో అనుమతి పొంది, ఫిబ్రవరి 6వ తేదీన బొంబాయిలో తొలుత ప్రదర్శింపబడెనని చూపిరి. ఒక తేదీని సవరించుటకు ఇంత శ్రమ యేల యని యనకుడు. తేదీ తప్పినచో, ఎవరు ఎవరికి దారి చూపిరో అను చరిత్రయే తలక్రిందులగును. కావున మేము పాటించు నియమమిది: తాను పుట్టిన దేశమున చిత్రము ప్రజలయెదుట మొదట ఏ యేట ప్రదర్శింపబడెనో ఆ యేటికే అది చెందును.

ఈ నియమము ఒక్కొక్కప్పుడు మనస్సునకు కష్టము కలిగించును. మన విద్యార్థులు కొందరు 'మాలపిల్ల'ను 1939 పట్టికలో చేర్చగోరిరి. గూడవల్లి రామబ్రహ్మముగారు దర్శకులై, గుడిపాటి వెంకటచలముగారి కథతో, తాపీ ధర్మారావుగారి సంభాషణలతో తీసిన ఆ చిత్రము అంటరానితనమును నిలదీసినది. తక్కువ కులమని నెట్టివేయబడిన పిల్ల కథానాయిక యగుట, ఆమెను బ్రాహ్మణ యువకుడు వివాహమాడుట ఆనాటి తెరమీద చిన్న విషయము కాదు. మన సంఘములలోని అనేక కుటుంబముల పెద్దలు ఆ నెట్టివేతను స్వయముగా ననుభవించినవారే. ఆ చిత్రమును చేర్చవలెనను ఆశ మాకును గలదు. కాని అది 1938లో వెలువడినది. హద్దు గీచిన తరువాత మనకు ప్రియమైనదానికొరకు దానిని జరుపగూడదు. 1938 పట్టిక వ్రాయునాడు దానిని తలమీద పెట్టుదము.

మూడవ మెట్టు: కాలమునకు వ్యవధి యిచ్చుట

మన ప్రభువు చెప్పిన గోధుమలు గురుగుల ఉపమానము మీకు తెలిసినదే. మొలకలుగా నున్నప్పుడు రెండును ఒక్కతీరుగానే యుండును; తొందరపడి పెరుకబోయిన గోధుమ కూడ ఊడివచ్చును; కోతకాలమువరకు ఓపిక పట్టవలెను. ఉపమానముయొక్క భావము గంభీరమైనది. అయినను చిత్రముల విషయమందును ఆ యోపిక పనికివచ్చును.

అమెరికా దేశమున 1988లో ఒక చట్టము చేసి, రక్షింపదగిన చిత్రముల జాతీయ పట్టిక నొకదానిని ఏర్పరచిరి. 1989 మొదలు ఏటేట ఇరువదియైదు చిత్రములను అందులో చేర్చుచున్నారు. సంస్కృతి దృష్టిచే గాని, చరిత్ర దృష్టిచే గాని, కళా దృష్టిచే గాని విలువగలదై యుండవలెననునది మొదటి నియమము. కనీసము పది సంవత్సరముల వయస్సు గలదై యుండవలెననునది రెండవది. ఈ పదియేండ్ల నియమములో గొప్ప వివేకము గలదు. విడుదలనాటి బాజాలు, గోడపత్రికలు, నటుల యెడల మోహము, శత్రువుల నిందలు, ఇవి యన్నియు పదియేండ్లలో చాలవరకు అణగిపోవును. నిలిచినదేమో అప్పుడు తెలియును.

దీనికి 1939లోనే రెండు నిదర్శనములు గలవు. మొదటిది 'ది విజర్డ్ ఆఫ్ ఓజ్'. విక్టర్ ఫ్లెమింగ్ పేర వెలువడిన ఈ చిత్రమున బాలిక యింటి కథ మట్టిరంగులోను, ఆమె చేరిన మాయాలోకము పంచరంగులలోను కనబడును. తలుపు తెరచి ఆమె ఆ లోకమున అడుగిడు ఘట్టము మరువరానిది. అయినను మొదటి విడుదలలో దానికి పెట్టిన సొమ్ము తిరిగి రాలేదు. 1956 మొదలు టెలివిజనులో చూపబడి, ఇంటింటి పిల్లలకు అది చేరువైన తరువాతనే లోకప్రియమైనది.

రెండవది ఇంకను ఆశ్చర్యకరము. ఫ్రాన్సు దేశమున జాన్ రెన్వార్ అను దర్శకుడు 'లా రేగ్ల్ ద్యు జూ', అనగా 'ఆట నియమము' అను చిత్రమును 1939 జూలైలో విడుదల చేసెను. ధనవంతులు ఒక పల్లెటూరి మేడలో విందునకు చేరి, వేటాడి, నాటకమాడి, అబద్ధములాడి, తుదకు ఒక నిర్దోషి చావునకు కారణమై, దానిని ప్రమాదమని కప్పిపుచ్చి నిద్రకు పోదురు. యుద్ధము ముంగిట నిలిచియుండగా తమ సమాజముయొక్క బోలుతనమును అద్దములో చూడ ప్రజలు సహింపలేదు. ప్రదర్శనశాలలో అల్లరి జరిగినది. దర్శకుడు చిత్రమును కత్తిరించి కుదించెను. పిదప ప్రభుత్వము దానిని నిషేధించెను. యుద్ధకాలమున బాంబుల దాడిలో మూలప్రతి నశించెను. చెదరిన తునకలను వెదకి కూర్చి 1959లో దానిని పునరుద్ధరించిరి. ఇంగ్లండునందలి 'సైట్ అండ్ సౌండ్' అను పత్రిక 1952 మొదలు పదియేండ్లకొకమారు విమర్శకుల అభిప్రాయములను సేకరించి ప్రపంచపు ఉత్తమ చిత్రముల పట్టికను ప్రకటించుచున్నది. 1952 మొదలు 2012 వరకు ప్రకటించిన ప్రతి పట్టికలోను ఈ చిత్రము మొదటి పదింటిలో నిలిచినది. 1939లో పారిసు ప్రేక్షకుని ఆ యేటి ఉత్తమ చిత్రమేదని యడిగినచో దీని పేరు చెప్పియుండునా? ఇల్లు కట్టువారు నిషేధించిన రాయి మూలకు వచ్చుట లోకమున పలుమారులు జరుగును.

నాలుగవ మెట్టు: కొలబద్దలు

ఇక ఏ కొలబద్దలతో కొలువవలెను? మేము నాలుగింటిని పెట్టుకొన్నాము.

మొదటిది శిల్పము. కథ, నటన, ఛాయాగ్రహణము, ధ్వని, కూర్పు, ఇవి యన్నియు ఒక్క భావమునకు పని చేయుచున్నవా? జాన్ ఫోర్డ్ తీసిన 'స్టేజ్‌కోచ్' ఇందుకు మంచి పాఠము. ఒక గుర్రపుబండిలో కొందరు ప్రయాణికులు ప్రమాదకరమైన త్రోవను పోవుచుందురు. ఊరినుండి వెడలగొట్టబడిన స్త్రీ యొకతె, త్రాగుబోతు వైద్యుడొకడు, చెరనుండి పారివచ్చిన యువకుడొకడు, గౌరవనీయుడైన బ్యాంకి యజమానుడొకడు వారిలో నుందురు. త్రోవలో ఒక నిండు చూలాలికి ప్రసవ మైనప్పుడు సేవ చేసినది వెలివేయబడిన స్త్రీయు, త్రాగుబోతు వైద్యుడును. గౌరవనీయుడో, బ్యాంకి సొమ్మును దొంగిలించి సంచిలో పెట్టుకొని పారిపోవుచున్నవాడు. మంచి సమరయుని కథను ఎరిగినవారికి ఈ చిత్రముయొక్క లోతు వివరింప నక్కరలేదు. ఇరుకైన బండిని, అంతులేని ఎడారిని మార్చి మార్చి చూపుటలో దర్శకుని నేర్పు కనబడును. అందు దోషమును గలదు: ఆ నేల మూలవాసులగు అపాచీలు భయముగొలుపు గుంపుగా తప్ప మనుష్యులుగా కనబడరు. గుణమును చెప్పునపుడు దోషమును దాచరాదు.

రెండవది క్రొత్త త్రోవ. ఆ చిత్రమునకు ముందు లేనిదేది, తరువాత ఉన్నదేది? మన 'వందేమాతరం' ఈ కొలతకు నిలుచును. బి.ఎన్. రెడ్డిగారు దర్శకత్వము వహించిన మొదటి చిత్రమిది. వాహినీ సంస్థకును మొదటిది. పురాణకథలే తెరను ఏలుచున్న దినములలో, చదువుకొని ఉద్యోగము దొరకని యువకుని దుఃఖమును, కట్నములేక వచ్చిన కోడలిని అత్త పెట్టు బాధలను కథగా గైకొనిరి. నాగయ్యగారును కాంచనమాలయు ముఖ్యపాత్రలు ధరించిరి, సంగీతము నాగయ్యగారిదే. లాటరీలో సొమ్ము గెలిచిన నాయకుడు దానిని తన భోగమునకు గాక నిరుద్యోగులకు పని కల్పించు కర్మాగారమునకు వినియోగించును. లాటరీ యను ఉపాయము కథకు బలహీనతయే. కష్టము నిజమైనది, పరిష్కారము అదృష్టమైనది. కాని ఆ సంస్థనుండి, ఆ దర్శకునినుండి తరువాత వచ్చినవానిని తలంపుడు. నాగయ్యగారి 'పోతన'యు, 1947లో 'యోగి వేమన'యు, 1951లో బి.ఎన్. రెడ్డిగారి 'మల్లీశ్వరి'యు వచ్చినవి. 1974వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము బి.ఎన్. రెడ్డిగారికి లభించినది. ఏటికి ఊట యెట్టిదో వీని కన్నిటికి 'వందేమాతరం' అట్టిది.

మూడవది కాలమునకు సాక్ష్యము. ఆనాటి మనుష్యుల బాధను, ఆశను చిత్రము నిజముగా పలికినదా? ఇందు 'రైతుబిడ్డ' ముందు నిలుచును. ఇదియు రామబ్రహ్మముగారి చిత్రమే. జమీందారీ గ్రామములలో రైతుపడు అగచాట్లను ఇది కథగా చూపినది. బళ్లారి రాఘవగారివంటి మహానటుడు అందు నటించిరి. కొసరాజు రాఘవయ్య చౌదరిగారు రైతు నుడికారముతో పాటలు వ్రాసిరి. విశేషమేమనగా, ఈ చిత్రమునకు సొమ్ము పెట్టినవారు చల్లపల్లి రాజావారు. అనగా ఒక జమీందారే. ఇతర జమీందారులు కొందరు దీనిపై ఆగ్రహించిరి. ప్రదర్శనకు ఆటంకములు కలిగినవి. తొమ్మిదేండ్ల పిమ్మట 1948లో మదరాసు రాష్ట్రమున జమీందారీల రద్దు చట్టము వచ్చినది. చట్టము చిత్రమువలన వచ్చినదని మేము చెప్పము. రైతుల పోరాటము, పెద్దల కృషి దానికి కారణములు. అయినను ఆ పోరాటమునకు తెరమీద నోరిచ్చినది ఈ చిత్రము. తమిళమున అదే యేట కె. సుబ్రహ్మణ్యముగారు తీసిన 'త్యాగభూమి' ఇట్టిదే. కల్కిగారి ఆ కథ 'ఆనంద వికటన్' పత్రికలో చిత్రపు ఛాయాపటములతోనే ధారావాహికగా వెలువడినది. స్త్రీ స్వాతంత్ర్యమును, గాంధీ మహాత్ముని మార్గమును చాటిన ఆ చిత్రమును తరువాత ఆంగ్ల ప్రభుత్వమువారు నిషేధించిరి. పూనాలో శాంతారాముగారు మరాఠీలో 'మాణూస్' అనియు, హిందీలో 'ఆద్మీ' అనియు తీసిన చిత్రము, సంఘము త్రోసివేసిన స్త్రీని మనిషిగా చూడగోరిన ఒక పోలీసు జవానుని కథ. ఇవి యన్నియు ఒకే యేటివి.

నాలుగవది సత్యము. ఇదియే కఠినమైన కొలత. 1939లో మిక్కిలి ప్రఖ్యాతి గాంచిన 'గాన్ విత్ ది విండ్' నే చూడుడు. సుమారు నాలుగు గంటల చిత్రము. ఎనిమిది ఆస్కారు బహుమానములు. రంగుల యందును, విస్తారమందును, నటన యందును అసమానము. కాని నీగ్రో జాతివారిని దాస్యమున ఉంచిన దినములను అది మధురమైన గతముగా చూపును. దాసులు తమ దాస్యముతో తృప్తిపడినట్లు చూపును. ఇది అసత్యము. ఆ చిత్రమున దాసిగా నటించిన హాటీ మెక్‌డేనియల్ అను నల్లజాతి నటి 1939 డిసెంబరులో అట్లాంటా నగరమున జరిగిన తొలి ప్రదర్శనకు రాలేకపోయెను. అచ్చటి వర్ణభేద నియమములు అడ్డువచ్చినవి. 1940 ఫిబ్రవరి 29వ తేదీన ఆమెకు ఉత్తమ సహాయ నటి యను ఆస్కారు లభించినది. ఆమె జాతివారికి లభించిన మొదటి ఆస్కారు అదియే. ఆ బహుమాన సభలో గూడ ఆమెను తోడి నటులతో గాక వేరొక బల్లయొద్ద కూర్చుండబెట్టిరి. ఊరి చివర వేరు బావి, వేరు గ్లాసు అను మాటలు విని పెరిగిన మన పెద్దలకు ఆ వేరు బల్ల అర్థముగాకపోదు.

అట్లయిన ఈ చిత్రమును పట్టికనుండి తొలగింపవలెనా? మేము చాలకాలము ఆలోచించితిమి. ముఖ్యమైనది వేరు, మేలైనది వేరు. చరిత్ర పుస్తకమునుండి హేరోదు పేరును తీసివేయము. హేరోదును సాధువని వ్రాయము. చిత్రమును పట్టికలో ఉంచి, దాని ప్రక్కన దాని అసత్యమును వ్రాసిపెట్టుటయే న్యాయమని మాకు తోచినది. 2020లో అమెరికాలోని ఒక సంస్థవారు దీనిని కొలదికాలము తొలగించి, చారిత్రక వివరణమును ముందు చేర్చి మరల చూపుట మొదలిడిరి. అది తగిన పద్ధతియే.

మా పట్టిక

ఇంత చెప్పి పట్టిక నీయకున్న మీరు మమ్ము విడువరు. కావున 1939కి మా పది యివి: 'ఆట నియమము', 'స్టేజ్‌కోచ్', 'ది విజర్డ్ ఆఫ్ ఓజ్', పైని చెప్పిన హెచ్చరికతో 'గాన్ విత్ ది విండ్', 'రైతుబిడ్డ', 'వందేమాతరం', 'త్యాగభూమి', 'మాణూస్', ఇవి యెనిమిది. తొమ్మిదవది ఫ్రాంక్ కాప్రా తీసిన 'మిస్టర్ స్మిత్ గోస్ టు వాషింగ్టన్'. బాలుర శిబిరమునకు స్థలము కోరిన ఒక యమాయక యువకుడు శాసనసభలో పెద్దల లంచగొండితనమును ఎదిరించి, నిలువలేక పడిపోవువరకు నిలిచి మాటలాడు కథ. నాటి సెనేటు సభ్యులనేకులు దీనిపై కోపించిరి. ఆ కోపమే దీనికి యోగ్యతాపత్రము. పదియవది జపాను దర్శకుడు మిజోగుచి తీసిన 'చివరి చామంతి కథ'. గొప్ప నటుని వారసుని అందరు ముఖస్తుతి చేయుచుండగా, ఇంటి దాది యొకతె మాత్రము నీ నటన బాగుండలేదని నిజము చెప్పును. అతడు నిజమైన నటుడగుటకు తన బ్రదుకునే ధారపోయును. మన దోషమును ప్రేమతో చెప్పువారు ఎంత యరుదో విద్యార్థులు ఆ కథవలన గ్రహింతురు గాక.

విడిచినవానికిని కారణము చెప్పుట ధర్మము. సి. పుల్లయ్యగారి 'వరవిక్రయం' వరకట్నమును ఖండించిన ఉత్తమ కథ. భానుమతిగారి మొదటి చిత్రము. కాని దాని బలములో అధిక భాగము కాళ్లకూరి నారాయణరావుగారి నాటకమునకే చెందునని మా యభిప్రాయము. వై.వి. రావుగారి 'మళ్ళీ పెళ్ళి' వితంతు వివాహమును సమర్థించిన ధైర్యశాలి. పదకొండవ స్థానము అడిగిన దానికే యిత్తుము. ఈ రెండింటిని మా పట్టికలోని యే రెండింటికంటెనైనను మిన్నయని కారణముతో చూపగల విద్యార్థి యున్నయెడల, మా పట్టికను దిద్దుకొనుటకు సిద్ధముగా నున్నాము. దిద్దుకొన నొల్లని పట్టిక శాసనమగును గాని తీర్పు కాదు.

తుదిమాట

ఒక్క విచారకరమైన సంగతి చెప్పి ముగించెదము. మనము ఎంచుచున్నది మిగిలినవానిలోనుండి మాత్రమే. భారతదేశపు మొదటి టాకీ 'ఆలమ్ ఆరా' ప్రతి నేడు దొరకుట లేదు. మన 'భక్త ప్రహ్లాద'యు అట్లే పోయినది. ఆనాటి ఫిల్ము సులభముగా నిప్పంటుకొను పదార్థముతో చేయబడినది. మంటలు కొన్నింటిని, తేమ కొన్నింటిని, మనుష్యుల యజాగ్రత్త మరికొన్నింటిని హరించినది. పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారము 1964లోగాని స్థాపింపబడలేదు. అప్పటికే పోయినవి పోయినవి. అట్టి చిత్రములనుగూర్చి నేడు మనకు తెలిసినది చాలవరకు పాత పత్రికలవలనను, ప్రదర్శనశాలల యొద్ద అమ్మిన పాటల పుస్తకములవలననే. కొలది పుటల ఆ చౌక పుస్తకములో కథాసంగ్రహము, నటుల పేర్లు, పాటలు అచ్చువేయబడి యుండును.

కావున విద్యార్థులారా, సెలవులలో మీ తాతమ్మల, అమ్మమ్మల పెట్టెలను వారి యనుమతితో తెరచి చూడుడు. పాటల పుస్తకముగాని, కరపత్రముగాని కనబడినయెడల చిత్తుకాగితములవానికి వేయకుడు. చెదలు తగులనిచోట భద్రపరచి, తేదీ తెలిసిన వ్రాసి ఉంచుడు. వృద్ధులను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, వారు మొదట చూచిన చిత్రమేదో, ఏ యూరిలో చూచిరో, ఏ ఘట్టమున కంటనీరు పెట్టిరో అడిగి వ్రాసికొనుడు. మొదట సంవత్సరమును నిర్ణయించుకొనుడు. ఇష్టమును వేరుగా వ్రాయుడు. ప్రతి పేరునకు ఒక కారణము, ప్రతి గుణమునకు ఎదురుగా ఒక దోషము వ్రాయుడు. అటుపిమ్మట పట్టికలను తెండు. వచ్చే సంవత్సరపు సమావేశమునందు 1938ని గైకొందము. ఆనాడును పట్టికలు సరిపోలకపోవచ్చును. కాని గొంతుల హెచ్చునకు మారుగా కారణములు హెచ్చినచో, ఎవరికి నచ్చినది వారికి గొప్ప గదా యని అడిగిన ఆ బాలుడే మొదట లేచి, 'మాలపిల్ల' ముందు నిలువవలెనని చెప్పి, ఎందుకో వివరించునని మా నమ్మకము.